ఊపిర్లు చూసుకో

"చివరి పాఠంలో ఏమీ లేదమ్మా," అంది గురువమ్మ ఫోన్‌లో.

కత్తెర తన చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఏమీ లేకపోవడమేంటండీ? అక్క గొంతు రావట్లేదా?"

"మొదట్లో రెండు ముక్కలు వస్తాయి. కళ్లు మూసుకోండి, ఇక నేను మాట్లాడను అంటుంది. అన్న మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దమే. ఇవాళ క్లాసులో మొదటిసారి వేశాను. సగం మంది స్పీకరు పాడైందనుకున్నారు. ఒకాయన నిద్రపోయి గురక పెట్టాడు. ఆ గురకే పాఠమనుకుని పక్కావిడ దాన్నే ధ్యానించింది."

ఇంకో రోజైతే కత్తెర పడీపడీ నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. అక్క బతికుండగా చేసిన ఆఖరి రికార్డింగ్ అది.

"ఉండండి, వస్తున్నాను," అని చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

కత్తెర అన్నది అక్క పెట్టిన పేరు. అసలు పేరుతో ఆమెను పిలిచేవాళ్లు బ్యాంకులో తప్ప ఎక్కడా లేరు. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి మందుల దుకాణం మీద రెండు గదుల్లో స్టూడియో నడిపారు. రెండు గదుల మధ్య ఒక అద్దం. అద్దానికి అవతల మైకు ముందు అక్క. ఇవతల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెల్లెలు. అక్కది గొంతు, చెల్లెలిది కోత. ప్రకటనలు, బడిపిల్లల పాఠాలు, బ్యాంకు ఫోన్‌లో 'ఒకటి నొక్కండి' అనే మాటలు, అన్నీ అక్క చదివేది. అందులోంచి దగ్గులు, తడబాట్లు, అన్నిటికన్నా ముఖ్యంగా ఊపిర్లు చెల్లెలు తీసేసేది. మాటకీ మాటకీ మధ్య మనిషి పీల్చే గాలి మైకులో పెద్దగా వినిపిస్తుంది. డబ్బిచ్చేవాళ్లకి అది నచ్చదు. ఫోన్ చేసిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే: "ఊపిర్లు చూసుకున్నారా?"

కొత్తవాళ్లెవరైనా స్టూడియోకి వస్తే అక్క చెల్లెల్ని ఇలా పరిచయం చేసేది. "ఇది మా కత్తెర. ఊపిర్లు తీయడం దీని వృత్తి. కాస్త దూరంగా కూర్చోండి."

వేసవి చివర్లో ఒక ఉదయం అక్క ఆ స్టూడియో మెట్లెక్కుతూ సగంలో కూర్చుంది. కాళ్లు నొప్పులేమో అనుకుంది మందుల దుకాణం ఆవిడ. గుండె అని తర్వాత డాక్టరు చెప్పాడు. అక్కని లేపడం ఎవరివల్లా కాలేదు.

దానికి ముందురోజు కత్తెర జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. అక్క ఒక్కతే స్టూడియోకి వెళ్లి గురువమ్మ ధ్యాన పాఠాల్లో చివరిది రికార్డు చేసింది. ఫోన్ చేసి, "అయిపోయిందే. మాటలు తక్కువ. ఊపిర్లు చూసుకో," అంది.

అవే చెల్లెలితో ఆఖరి మాటలు.

అన్నీ ముగిసి స్టూడియో తలుపు మళ్లీ తెరిచాక కత్తెర మొదట చేసిన పని అదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినే ధైర్యం లేకపోయింది. వినక్కర్లేదు కూడా. ఎక్కడెక్కడ ఊపిరి ఉందో వెతికి, తీసి, ఆ ఖాళీల్ని నింపే ఏర్పాటు కంప్యూటర్లో ఆమె ఏనాడో చేసి పెట్టుకుంది. ఒక మీట నొక్కాలి. నొక్కింది. పని అయ్యేదాకా గోడవైపు తిరిగి కూర్చుంది. పాఠాన్ని గురువమ్మకి పంపేసింది.

అక్క చెప్పింది చేశాననుకుంది.

* * *

గురువమ్మ క్లాసు జరిగేది బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం పైన. కింద ఆవిరి పెట్టెలు బుసకొడుతుంటే పైన జనం చాపల మీద కూర్చుని కళ్లు మూసుకుంటారు. గురువమ్మకి మోకాళ్లు వంగవు. కుర్చీలో కూర్చునే చెబుతుంది. "పద్మాసనం నా వల్ల కాదు. నా మనసు కూర్చుంటే చాలు, కాళ్లు ఎటు పోతే నాకేం," అంటుంది.

కత్తెర వెళ్లేసరికి హాలు ఖాళీ అయింది.

"ఆ పాఠంలో ఏం ఉండాలండీ?" అంది గుమ్మంలోంచే.

"మీ అక్క ఉండాలి." గురువమ్మ ఎదుటి చాప చూపించింది. "కూర్చో. నువ్వెప్పుడైనా ధ్యానం చేశావా?"

"మీ పాఠాలన్నీ నేనే కోశాను."

"వంటమనిషికి కడుపు నిండిందా అని అడుగుతున్నాను."

కత్తెర కూర్చుంది.

"ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు 'సో' అంటుంది," అంది గురువమ్మ. "బయటికి వచ్చేటప్పుడు 'హం' అంటుంది. మనం అనక్కర్లేదు, అదే అంటుంది. సోహం. ఆ పరమాత్మ నేనే అని అర్థం. పుట్టిన క్షణం నుంచి నీలో ఆ జపం నడుస్తూనే ఉంది. నోటితో చేయని జపం కాబట్టి అజప అన్నారు. చిక్కేంటంటే, కొత్తవాళ్లకి వాళ్ల ఊపిరి వాళ్లకి వినపడదు. అందుకని చివరి పాఠంలో మీ అక్క మైకు ముందు కూర్చుని ఊరికే పీల్చి వదులుతుంది. వినేవాళ్లు ఆవిడతో పాటు పీల్చి వదులుతారు. మాటలన్నీ అయిపోయాక మనిషి మిగలాలే అని నేనే చెప్పాను ఆ పిల్లకి."

కింద ఆవిరి పెట్టె ఒకటి బుస్సుమని ఆగింది.

ఊపిర్లు చూసుకో.

స్టూడియోలో ఆ మాటకి ఒకటే అర్థం. వెతికి తీసెయ్ అని. కానీ ఈ హాల్లో, ఈ చాపల మీద, పాఠాలన్నిటిలో అక్క గొంతుతోనే వచ్చే మాట కూడా అదే. ఊపిరిని చూడండి. ఆపొద్దు, తొందరపెట్టొద్దు, ఊరికే చూసుకోండి. ఆ వాక్యాల మధ్య గాలిని కత్తెర ఎన్నిసార్లు కోసిందో. మాట మాత్రం చెవిలో పడలేదు.

"ఏమైందమ్మా?" అంది గురువమ్మ.

"తీసేశాను," అంది కత్తెర. "చూసుకో అంది. నేను తీసేశాను. అన్నీ."

కత్తెర చాప మీంచి లేచి నిలబడింది.

పాఠం సంగతి తర్వాత. ఆమెకు కావలసింది వేరే ఉంది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లది ఒకే మంచం. దీపం ఆర్పాక కత్తెరకి చీకటి భయం. అక్క నిద్రపోయేది, చెల్లెలు అక్క ఊపిరిని పట్టుకునేది. అక్క పీలిస్తే తను పీల్చేది, అక్క వదిలితే తను వదిలేది. అలా నడుస్తూ నడుస్తూ నిద్రలోకి వెళ్లిపోయేది. ఆ ఊపిరి ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే ఆ ఒక్క రికార్డింగ్‌లోనే ఉంది.

"అసలుది ఎక్కడో ఉంటుందండీ. తెస్తాను," అని మెట్లు దిగింది.

* * *

అసలుది రెండు చోట్ల ఉండాలి. మైకు యంత్రంలో ఉండే మెమరీ కార్డు మీద ఒకటి, కంప్యూటర్ తనంతట తాను దాచుకునే నకలు ఇంకొకటి.

కార్డు సొరుగులోనే దొరికింది. ఆమె దాన్ని యంత్రంలో పెట్టింది. బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. దాని తర్వాత ఇంకో సబ్బు. అక్క పోయాక పని ఆగకూడదని తెచ్చుకున్న కొత్త గొంతు ఆ కార్డు అంచుదాకా నిండిపోయి ఉంది.

ఇక పాత కంప్యూటర్. అది నత్తలా నడుస్తోందని కత్తెర ఈమధ్యే కొత్తది కొంది. పూర్తయిన పాఠాలూ, రోజూ వాడే పనిముట్ల ఫైళ్లూ మాత్రం కొత్తదానిలోకి మార్చుకుంది. పాతదాన్ని తీసుకెళ్లింది బావ.

అక్క మొగుడు లిఫ్టు మెకానిక్. ఒక ఆఫీసు భవనంలో, తెరిచి ఉంచిన లిఫ్టు గుంటలో నడుము దాకా దిగి కనిపించాడు.

"ఏంటి మరదలా, మెట్లెక్కలేక వచ్చావా? ఇంకో గంట పడుతుంది."

"బావా, నా పాత కంప్యూటర్ ఏం చేశావు?"

"ఆ డొక్కుదా? డాక్టరు దుకాణంలో ఇచ్చేశాను. ఏం, మళ్లీ మనసైందా దాని మీద?"

కత్తెర చెప్పింది. ఆమె మాట పూర్తయ్యేలోగా అతని చేతిలో స్పానరు ఆగిపోయింది.

"ఫోన్‌లో వీడియోలు ఉన్నాయిగా మనకి," అన్నాడు.

"చూశాను. గోల, నవ్వులు. ఫోను ఊపిరిని దుమ్మనుకుని అదే దులిపేస్తుంది బావా. నాకంటే పెద్ద కత్తెర అది."

అతను చేతులు తుడుచుకుంటూ పైకెక్కాడు. పక్క లిఫ్టు వచ్చి ఆగింది. "తలుపులు తెరుచుకుంటున్నాయి," అంది అక్క గొంతు, స్పష్టంగా, మర్యాదగా. ఇద్దరూ కదల్లేదు. "తలుపులు మూసుకుంటున్నాయి," అంది అక్క గొంతు.

"నా బతుకు చూశావా?" అన్నాడు బావ. "పెళ్లాం పోయింది. అయినా పొద్దస్తమానం తలుపులు మూసుకుంటున్నాయి అంటూనే ఉంటుంది నాతో. మొదట్లో ఊరికే లిఫ్టెక్కి నిలబడేవాణ్ని, వినడానికి. కాపలావాడు అడిగాడు, ఏ ఫ్లోరు సార్ అని. ఏం చెప్పను వాడికి?"

"ఇప్పుడు?"

"ఇప్పుడు వినను. అది గొంతే, మీ అక్క కాదు. మీ అక్క ఏదైనా అనే ముందు ముక్కుతో ఇలా చిన్నగా పీల్చేది." అతను చేసి చూపించాడు. "అది వినపడిందంటే నాకు తిట్లు మొదలవబోతున్నాయని తెలిసేది. అప్పటికే సగం సర్దుకునేవాణ్ని. ఈ లిఫ్టుల్లో అది లేదు."

అది తీసింది ఎవరో ఇద్దరికీ తెలుసు. అతను ఆ మాట అనలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, "పద," అన్నాడు.

* * *

డాక్టరు మనుషుల డాక్టరు కాదు. చచ్చిపోయిన కంప్యూటర్ల లోపలి డిస్కులకి ప్రాణం పోస్తాడని ఆ వీధి పెట్టిన పేరు. అతని దుకాణంలో నిలబడాలంటే ఒకరు బయటికి రావాలి. బావ బయట నిలబడ్డాడు.

"ఆ డిస్కా?" డాక్టరు తల గోక్కున్నాడు. "మంచి ముక్కండీ అది. అందుకే వెంటనే పోయింది. మూల మీద బేకరీ వాళ్లు కెమెరాలు పెట్టించుకున్నారు కదా, ఆ పెట్టెలో వేశాను."

కెమెరా పెట్టె అంటే ఏంటో కత్తెరకి తెలుసు. పగలూ రాత్రీ ఆగకుండా రాసుకుంటూ పోతుంది. డిస్కు నిండగానే మొదటికొచ్చి, ఉన్నదాని మీదే మళ్లీ రాస్తుంది.

"పెట్టి ఎన్నాళ్లైంది?"

డాక్టరు ఆమె ముఖం చూశాడు. దుకాణం షట్టరు సగం దించి, "పదండి, నేనూ వస్తా. చూద్దాం," అన్నాడు.

ముగ్గురూ దాదాపు పరిగెత్తారు. బేకరీలో రొట్టెలు అప్పుడే పొయ్యిలోంచి దిగాయి. కౌంటరు ముందు జనం. యజమానురాలు మొదట దొంగతనమేదో జరిగిందనుకుంది. బావ ఆమెకు రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. ఆమె గల్లాపెట్టె వదిలేసి వాళ్లను వెనకగదిలోకి తీసుకెళ్లింది, పిండి బస్తాల మధ్య నుంచి.

డాక్టరు పెట్టె విప్పి, డిస్కు తన చిన్న కంప్యూటర్‌కి తగిలించాడు. తెర మీద గీతలు పాకాయి. అతను వెతికాడు. మళ్లీ వేరే దారిలో వెతికాడు. బావ గోడకి ఆనుకుని పనిముట్ల సంచి గుండెకి పట్టుకుని నిలబడ్డాడు, ఆపరేషన్ గది బయట నిలబడ్డ మనిషిలా.

"ఎంత వెనక్కి వెళ్లినా ఇదేనమ్మా," అన్నాడు డాక్టరు.

తెర మీద బేకరీ కౌంటరు. ఒక ముసలాయన రొట్టె తీసుకుంటున్నాడు. ఒకావిడ కేకు వైపు వేలు చూపిస్తోంది. బడి బట్టల్లో పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించారు. అంతటా శబ్దం లేదు.

"దీని కింద?" అంది కత్తెర.

"కింద ఉండదు. పలక తుడిచి రాసినట్టు కాదు, పలకే మార్చినట్టు."

"ఒక్క ముక్క. ఎక్కడైనా మూలన."

"ఉంటే ఇవ్వనా, చెప్పు తల్లీ."

కత్తెర ఆ తెర వైపే చూస్తోంది. అక్క ఊపిరి ఉన్నచోట జనం రొట్టెలు కొనుక్కుంటున్నారు. వాళ్లమీద కోపం తెచ్చుకోవడానికి చూసింది. రాలేదు.

బావ ముందుగా బయటికి వెళ్లిపోయాడు. కత్తెర వెళ్లేసరికి పేవ్‌మెంట్ మీద సంచి పెట్టి, దాని మీద కూర్చుని ఉన్నాడు. బేకరీ ఆవిడ ఇచ్చినట్టుంది, ఒళ్లో వేడి రొట్టె పొట్లం.

"తీసుకోనంటే వినలేదు," అన్నాడు. తర్వాత ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. గ్రీజు మరకలు చెంపల మీద అంటుకున్నాయి.

* * *

"దొరకలేదు," అని కత్తెర ఫోన్ చేసి చెబితే గురువమ్మ ఒకే మాట అంది. "రేపు పొద్దున క్లాసుకి రా. చెప్పడానికి కాదు, కూర్చోడానికి."

వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలియదు. ఇంట్లో ఉండలేకపోయింది, అంతే. వెనక వరసలో చాప వేసుకుంది. గురక ఆయన ముందు వరసలో ఉన్నాడు. పక్కావిడ ఆయనకి కాస్త ఎడంగా జరిగింది.

"వెన్ను నిటారుగా," అంది గురువమ్మ. "కళ్లు మూయండి. ఊపిరి తీయండి."

కత్తెర కుడిచేతి చూపుడువేలు మోకాలి మీద టక్కున కొట్టుకుంది. కోత మీట నొక్కే వేలు అది.

"వదలండి. మళ్లీ తీయండి."

మళ్లీ టక్కుమంది. ఊపిరి తీయండి అన్న ప్రతిసారీ ఆ వేలు దానంతట అది పని చేసుకుపోతోంది. కత్తెర ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారి మెడదాకా వచ్చాయి. తుడుచుకుంటే కదిలినట్టవుతుందని వదిలేసింది.

"ముక్కు కొసన చూడండి. చల్లగా వెళ్తోంది, వెచ్చగా వస్తోంది. లోపలికి సో, బయటికి హం. మీరు చేయొద్దు, జరుగుతున్నది చూడండి. వెళ్లినది తిరిగి బయలుదేరే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. సోకీ హంకీ మధ్య. నిండు కుండలో నీళ్లు కదలకుండా ఉన్నట్టు ఉంటుందక్కడ. అందుకే కుంభకం అన్నారు. ఊపిరి లేదు కదా అని అది ఖాళీ అనుకోవద్దు. మనిషి పూర్తిగా ఉండేది అక్కడే."

కత్తెరకి ఏదీ కనపడలేదు. చల్లనా లేదు, వెచ్చనా లేదు. ముక్కు దిబ్బడేసింది.

క్లాసయ్యాక గురువమ్మ ఆమెను ఆపింది. "ఆ వేలేంటి, అలా కొట్టుకుంటోంది?"

కత్తెర చెప్పింది. చెబుతుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"సరే," అంది గురువమ్మ. "తీశావు. తీసిన చోట ఏం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదు."

"మాటలు ఒకదానికొకటి అతుక్కోవా మరి?"

"అంటే, ఉత్తగది పెట్టాను."

"అదేంటి?"

"ఊపిరి తీశాక అక్కడ అసలేమీ లేకపోతే వినేవాళ్లకి చెవి మూసినట్టుంటుంది. అందుకని ఆ గదిలోనే మౌనం కాసేపు రికార్డు చేసి పెట్టుకుంటాం. ఎక్కడ కోస్తే అక్కడ ఆ మౌనం ముక్క అతికిస్తాం. ఎవరూ మాట్లాడని గది కాబట్టి అక్క దానికి ఉత్తగది అని పేరు పెట్టింది."

"గదిలో ఎవరూ లేకుండా తీస్తారా?"

"లేదండీ. గదిలో మనిషి ఉంటే మౌనం ఒకలా ఉంటుంది, లేకపోతే ఇంకోలా. అతుకు తెలిసిపోతుంది. అందుకని చదివే మనిషి అదే కుర్చీలో..."

ఆగిపోయింది.

"అదే కుర్చీలో?" అంది గురువమ్మ.

"ఊపిరి బిగబట్టి కూర్చోవాలి."

గురువమ్మ కుర్చీ చేతుల మీద బలం వేసి ముందుకు వంగింది. "అయితే అది ఉత్తది ఎట్లా అవుతుందే?"

* * *

స్టూడియోలో ఉదయపు ఎండ అద్దం మీద పడి, అవతలి గదిలో కుర్చీ కనపడకుండా చేస్తోంది. కత్తెర కిటికీ తెర దించింది. కుర్చీ కనిపించింది. బావ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. అక్క కూర్చున్న మెట్టు అతను ఎప్పుడూ తొక్కడు, దాటేస్తాడు.

"దొరికిందా?"

"తెలియదు బావా. ఊరికే కూర్చో."

కొత్త కంప్యూటర్లో, పనిముట్ల మధ్య, ఆ ఫైలు ఉంది. ఉత్తగది. మొదటి పాఠం రోజు తీసినది. అది లేకపోతే పని జరగదు కాబట్టి పాతదాన్లోంచి అన్నిటికన్నా ముందు మార్చుకున్నది. ఎన్ని వందలసార్లు వాడిందో లెక్కలేదు. కానీ ఎప్పుడూ మధ్యలోంచే ఒక ముక్క కోసుకునేది. మొదలూ చివరా వినాల్సిన పని ఎన్నడూ పడలేదు.

హెడ్‌ఫోన్స్‌ని విరగదీసినంత పని చేసి ఇద్దరి మధ్య పంచింది. ఆమె కుడిచెవికి ఒకటి, అతని ఎడమచెవికి ఒకటి. మీట నొక్కింది.

గది. చాలా దూరంగా బండి ఏదో వెళ్లింది. గది. అక్క ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది. ఏ శబ్దమూ లేదు, కానీ ఉంది. కత్తెరకి ఆ రోజు గుర్తొచ్చింది. అద్దం అవతల అక్క బుగ్గలు పొంగించి, కళ్లు పైకి తిప్పి, చచ్చిపోతున్నట్టు నటించింది. చెల్లెలు ఇవతల నోరు మూసుకుని నవ్వాపుకుంది. బావ చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

కుర్చీ కిర్రుమంది.

అప్పుడు వచ్చింది. అక్క వదిలేసింది. పొడవుగా, వెచ్చగా, చివర్లో కాస్త వణికి నవ్వులోకి తిరగబోతూ. ఒక్క ఊపిరి.

"చాలా, కత్తెరా?" అంది అక్క.

అద్దం ఇవతలి మైకులోంచి ఇంకో గొంతు, పని తొందరలో ఉన్న గొంతు. "చాలు, చాలు." టక్‌మని రికార్డింగ్ ఆగిపోయింది.

ఆ రెండో గొంతు తనదే.

బావ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "పీల్చింది లేదే. వదిలిందొక్కటే ఉంది."

"అవును. పీల్చాక గానీ నేను రికార్డు మొదలుపెట్టలేదు."

సో లేదు. హం ఒక్కటే మిగిలింది. ప్రపంచం మొత్తం మీద.

"మళ్లీ పెట్టు," అన్నాడు బావ.

కత్తెర పెట్టబోయి ఆగింది. కళ్లు మూసుకుంది. వెన్ను నిటారుగా పెట్టింది. నెమ్మదిగా ఊపిరి లోపలికి తీసుకుంది. ఈసారి ముక్కు కొసన చల్లగా తగిలింది. అది నిండి ఆగినచోట, ఇంకా వదలకుండా, వేలితో మీట నొక్కింది.

గది. బండి. గది. కుర్చీ. ఊపిరి లోపలే ఉంది, వదలలేదు. అక్క వదిలింది. చెల్లెలు వదిలింది. ఒకే మంచం మీద పక్కపక్కన పడుకున్నట్టు.

తర్వాతి ఊపిరికి అక్క లేదు. ఆమె ఒక్కతే పీల్చింది. అది కష్టంగా లోపలికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే గురువమ్మకి చివరి పాఠం మళ్లీ పంపింది. మొదట్లో అక్క రెండు మాటలు, తర్వాత ఉత్తగది, చివర్లో ఆ ఒక్క ఊపిరి, దాని వెనక అక్క అడిగిన ప్రశ్న.

పంపే ముందు ఒకే ఒక్కటి తీసేసింది. 'చాలు, చాలు' అన్న తన గొంతు తీసి, ఆ చోట ఉత్తగది పెట్టింది.

ఇప్పుడా పాఠం చివర అక్క ఒక ఊపిరి వదిలి, నవ్వబోతూ అడుగుతుంది. "చాలా, కత్తెరా?"

గదిలో ఎవరూ జవాబు చెప్పరు.